నవ్వుతూ ఉండగానే భయం
రాత్రి మార్సెల్ జామా బొమ్మలు చూస్తూ కూర్చున్నాను, ఇక నిద్ర పడితే ఒట్టు. 1974లో కెనడాలోని విన్నిపెగ్‌లో పుట్టిన ఆర్టిస్ట్. కాగితం మీద సన్నటి ఇంకు గీత, పల్చటి వాటర్‌కలర్, చుట్టూ ఖాళీ, అంతే. ఆ గోధుమ రంగు కోసం రూట్ బీర్ సిరప్ వాడేవాడట, కూల్‌డ్రింక్‌తో బొమ్మలు, భలే నచ్చింది నాకు! నడిచే చెట్లు, ఎలుగుబంట్లు, తుపాకీ పట్టిన అమ్మాయిలు, అన్నీ పిల్లల పుస్తకంలో బొమ్మల్లా ముద్దుగా ఉంటాయి, చూసి నవ్వుకుంటుంటే అంతలో ఓ మూల రక్తం కనిపిస్తుంది. చంపేవాళ్ల మొహంలోనూ చచ్చేవాళ్ల మొహంలోనూ ఏ కంగారూ ఉండదు, నాకు అసలు భయం వేసింది అక్కడే. ఇంత హింసను ఇంత సున్నితంగా గీయాలంటే చాలా ధైర్యం కావాలి. గోడంత పెయింటింగుల ముందు కూడా నేనింతసేపు ఆగలేదు.