దమ్ము చేలో చర్చి నీడ: ఫొటోల పని ఎక్కడిదాకా వచ్చింది

డిసెంబరు చివర్లో

పాలకొల్లు అవతల, కాలవ దాటాక ఉన్న చిన్న చర్చి ఇది. తెల్ల సున్నం గోడలు, ఒకటే శిఖరం, వెనక కొబ్బరితోట, ముందు వరిచేలు. సార్వా (వానాకాలపు వరి) కోతలయ్యాక మోడుల మీద తీసిన ఫొటోల్లో చర్చి ఉంది గానీ ఊరు లేదు. నాకు కావలసింది దాళ్వా (రెండో పంట) దమ్ము, అంటే నాట్లకు ముందు చేలో నీళ్లు పెట్టి బురదగా దున్నడం. దమ్ము చేసి బురద తేరుకున్నాక, నాట్లు పడేలోపు ఉండే ఆ కొద్ది రోజులే నీళ్లలో శిఖరం నిలువునా కనిపిస్తుంది.

1836లో ఇంగ్లండు నుంచి వచ్చిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ అనే మిషనరీలు నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కలే పనిచేశారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి, ఈ చేలకు కాలవ నీళ్లొచ్చాయి. చర్చీలూ, కాలవ కింద చేలూ పక్కపక్కనే పెరిగిన సీమ ఇది. ఆ రెండూ ఒకే ఫ్రేములో ఉండాలన్నదే నా పట్టుదల.

జనవరి

కౌలు రైతును అడిగి దిగాను. "గట్టు మెత్తగా ఉందండి, తొక్కితే తెగిపోద్ది. బోదె వైపు నిలబడండి, ఆయ్" అన్నాడు. బోదె అంటే చేలకు నీళ్లు పారే చిన్న కాలవ. ఆ మూలే మంచిదని తర్వాత తెలిసింది. కరెంటు తీగలు అక్కణ్ణుంచి కొబ్బరి మట్టల వెనక్కి పోతాయి.

అసలు కిటుకు కెమెరా ఎత్తులో ఉంది. శిఖరం సుమారు 12 మీటర్లు, నా దూరం 60 మీటర్లు. కెమెరా నీటికి మీటరున్నర పైన ఉంటే నీళ్లలో శిఖరం కొస నీడ (ప్రతిబింబం) నాకు దాదాపు ఏడు మీటర్ల అవతల పడుతుంది. అరమీటరుకు దించితే రెండున్నర మీటర్లకే వచ్చేస్తుంది. కాబట్టి నీళ్ల అంచునే కూర్చోవాలి. ఎత్తు నుంచి తీస్తే అవతలి గట్టు గోడల నీడను సగం మింగేసేది. ఇప్పుడు కిటికీలన్నీ నీట్లో కనిపిస్తున్నాయి. బురదలో ట్రైపాడ్ దిగబడకుండా కొబ్బరి చిప్పలు వెల్లకిలా పెట్టి కాళ్లు వాటిలో ఆనిస్తున్నాను. చాలా బాగా ఆగుతోంది.

లెన్సు ముందు పెట్టే, మెరుపు తగ్గించే ఫిల్టరు పోలరైజర్‌ను తీసేయాలి, అది నీళ్లలో నీడనే తినేస్తుంది. కెమెరా పైకి వంచితే శిఖరం వెనక్కి వాలుతుంది. మట్టంగా పెట్టి, వెనక్కి జరిగి, తర్వాత కత్తిరించుకోవడమే మేలు. కెమెరా సెట్టింగులు ఐఎస్ఓ 100, ఎఫ్/8. మంచులో తెల్లగోడ బూడిదరంగు తేలుతుంటే ఎక్స్‌పోజరు ఒక స్టాపు, అంటే వెలుతురు రెట్టింపయ్యేలా, పెంచాను. ఎండ పడగానే మళ్లీ తగ్గించాలి, లేకపోతే సున్నంలో గీతలన్నీ పోతాయి. గాలి లేచేలోపే, అంటే ఏడున్నరలోపే పని కానివ్వాలి. పక్క చేలో ట్రాక్టరు వెనక కొంగలు దిగితే అదనపు అందం.

సంక్రాంతి తర్వాత నాట్లు పడిపోయాయి. చేతిలో మిగిలిన మంచి ఫొటో ఒకటుంది: క్రిస్మస్ స్టారు ఇంకా దించని రోజుల్లో, తెల్లవారకముందు, ఆరు సెకన్ల ఎక్స్‌పోజరుతో తీసింది. ఎర్ర నక్షత్రం పైనా ఉంది, నీళ్లలోనూ ఉంది. పాస్టరు గారికి పెద్ద సైజులో ప్రింటు తీయించి ఇచ్చాను.

ఇక సార్వా దమ్ములు. చలికాలమంతా ఎండ సోకని ఉత్తరపు గోడ మీద జూన్, జులైల్లో పొద్దుటి ఎండ పడుతుంది, సూర్యుడు ఈశాన్యానికి జరుగుతాడు గనక. కాకపోతే పడమటి గాలికి నీళ్లు కుదురుగా ఉండవు. గట్టు చాటున చిన్న మడి ఏదైనా దొరుకుతుందేమో ముందే చూసుకుని రావాలి.