పదును తెలిసిన మట్టి
డాలస్ సమీపంలోని ఒక మట్టి పరీక్షశాలలో చేరేనాటికి, రోడ్డు కింది మట్టి గట్టితనమంటే నాకు తెలిసింది ఒక్క అంకె మాత్రమే. గుంటూరులో పనిచేసినంత కాలం నల్లరేగడి నమూనాను నాలుగు రోజులు నీళ్లలో నానబెట్టి, వచ్చిన సీబీఆర్‌ను (మట్టి బలాన్ని శాతంలో చెప్పే అంకెను) రోడ్ల రూపకల్పనకు మన దేశపు మార్గదర్శకమైన ఐఆర్‌సీ 37 చెప్పినట్టు పదితో హెచ్చించి, మెగాపాస్కళ్లలో రిసైలియంట్ మాడ్యులస్ రాసుకునేవాళ్లం. బండ్ల భారం పడి తొలగుతుంటే మట్టి ఎంత గట్టిగా నిలుస్తుందో చెప్పే కొలత అది. సీబీఆర్ 5 దాటితే సూత్రం మారుతుంది గానీ, మా రేగడి మాకు ఆ అవసరం కలిగించలేదు.

ఇక్కడి ఈగిల్ ఫోర్డ్ బంకమట్టి కూడా రేగడిలాగే తడిస్తే ఉబ్బి, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. కానీ దాన్ని నానబెట్టి ఊరుకోరు. దిమ్మిస కొట్టిన మట్టిలో గాలీ నీరూ కలిసి ఉంటాయి. రేణువుల మధ్య మిగిలిన కొద్దిపాటి నీరు వాటిని ఒకదానివైపు ఒకటి లాగుతుంది. ఆ లాగుడునే సక్షన్ అంటారు. మట్టి ఆరేకొద్దీ అది పెరుగుతుంది, దానితోపాటు మాడ్యులస్ కూడా పెరుగుతుంది. ఇక్కడి రోడ్ల ఎంఈపీడీజీ రూపకల్పన విధానంలోని సూత్రం ప్రకారం, సన్నరేణువుల మట్టి బాగా ఆరితే మాడ్యులస్ ఆప్టిమమ్ తేమ (దిమ్మిస కొడితే మట్టి అన్నిటికన్నా బాగా బిగిసే తేమ) దగ్గరి విలువకు దాదాపు రెండున్నర రెట్లకు చేరుతుంది, తడిసేకొద్దీ పావు వంతు అనే కింది హద్దు వైపు పడిపోతుంది.

ఆప్టిమమ్ తేమ అనే మాటను ఫోనులో నాన్నకు వివరించబోతే, “పదునే కదరా, దానికి అంత దూరం వెళ్లాలా?” అన్నారు. 1933లో లాస్ ఏంజెలెస్ ఇంజనీరు ప్రాక్టర్ వెతికింది మట్టిని బిగించే పదును, నాన్నది దాన్ని గుల్ల చేసే పదును. అయినా అంతకంటే మంచి మాట నాకు దొరకలేదు. వారాంతపు విందుల్లో సాఫ్ట్‌వేర్ మిత్రుల మధ్య గోళ్లలో మట్టి ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి, దాన్ని అక్కడ కూడా వాడేశాను.

మొదటి వేసవిలో రెండు నమూనాలను ఒకే సాంద్రతతో తయారుచేసి, ఒకదాన్ని ఆరబెట్టి, ఇంకోదాన్ని ముందు బాగా ఎండనిచ్చి తర్వాత తడిపి, రెండింటినీ ఒకే తేమ శాతానికి తెచ్చాను. సెకనులో పదో వంతు భారం, మిగతా తొమ్మిది వంతులు విరామం చొప్పున, నమూనాను చుట్టూ ఒత్తి పట్టి పైనుంచి భారం వేసే ట్రయాక్సియల్ యంత్రంలో పరీక్షిస్తే, ఆరబెట్టిన నమూనా స్పష్టంగా గట్టిగా తేలింది. భారాన్ని కొలిచే లోడ్ సెల్‌ను అనుమానించి, పరీక్షను మూడుసార్లు చేసి, రెండు శనివారాలు పోగొట్టుకున్నాను. చివరికి వాట్‌మన్ 42 ఫిల్టర్ పేపర్లను మట్టితోపాటు మూత బిగించిన సీసాల్లో వారం రోజులు ఉంచి, కాగితం పీల్చిన నీటిని బట్టి సక్షన్ తెలుసుకునేందుకు తూచినప్పుడు సంగతి తేలింది: తేమ శాతం ఒకటే అయినా, ఆరుతూ వచ్చిన మట్టిలో సక్షన్ ఎక్కువగా ఉంది. నీరు పెద్ద రంధ్రాల్లోంచి బయటకు పోయే దారి, లోపలికి వచ్చే దారి ఒకటి కావు.

అప్పటినుంచి నా పట్టికలో తేమ శాతం పక్కన ‘ఆరబెట్టినది’, ‘తడిపినది’ అని రాసే గడి ఒకటి ఉంది. సంతృప్తత (రంధ్రాల్లో నీరు నిండిన వంతు) ఒక్కదాన్నే చూసే ఎంఈపీడీజీ సూత్రానికి ఆ గడితో పని లేదు, ఆరబెట్టిన, తడిపిన విలువల మధ్యగా తన గీతను తాను గీసుకుంటుంది. వేసవిలో ఎండి, తుఫాను వానకు తడిసే రోడ్డు అంచులకు మాత్రం నేను రెండు విలువలూ ఇస్తాను. వాటిలో తక్కువదాన్నే ముందు రాస్తాను. గుంటూరు అలవాటు ఇంకా పోలేదు.