బండల లోడు, ఘాటు దిగుడు

ట్రాక్టరు కొనేటోళ్లు మొదట అడిగేది "ఎన్ని హెచ్‌పీ?" అని. లాగే సంగతి అందరికీ కావాలి, ఆపే సంగతి ఎవరూ అడగరు. మా పక్క ట్రాలీల్లో చాలావాటికి సొంత బ్రేకులు ఉండవు. ఐదారు టన్నుల బండలు వెనకనుంచి తోస్తుంటే, రెండు టన్నుల ఇంజిను, అంటే ముందుండే ట్రాక్టరు, తన వెనక చక్రాల బ్రేకులతోనే ఆ బరువంతా పట్టుకోవాలి. మా అల్లుడు మొన్న "ఏం కాదులే మామా, బ్రేకులు కొత్తగా చేయించినా" అన్నాడు. "అవి ఇంజిను బ్రేకులు రా, ట్రాలీవి కావు" అన్నాను. నవ్వి పోయినాడు.

ఎర్రగుంట్ల నల్లబండలు తోలేవాణ్ని కాబట్టి నా లెక్కంతా లోడు ఎత్తేకాడే మొదలవుతుంది. కూలోళ్లకు ముందు పలకకు ఆనించి పేర్చుకుంటూ రావడం సులువు. అట్లా వదిలేస్తే రెండు చక్రాల ట్రాలీ బరువంతా దాన్ని ఇంజినుకు తగిలించే కొక్కెం మీద పడి ఇంజిను మూతి తేలిపోతుంది. ఎక్కుడులో స్టీరింగు తిప్పినా ముందు చక్రాలు మాట వినవు. అట్లని వెనక్కి తోస్తే ఇంకా చేటు: కొక్కెం పైకి లేచి, ఇంజిను వెనక టైర్లకు పట్టు పోతుంది, ట్రాలీ ఊగుతుంది. ఎద్దులబండి తోలినోళ్లకు ఇది చెప్పక్కర్లేదు. ముందు మొగ్గయితే కాడి మెడ నొక్కుతుంది, వెనక మొగ్గయితే కాడి లేచి గొంతు పడుతుంది. ఇరుసు మీద లోడు ఉండి, కొంచెం ముందు మొగ్గు ఉంటే చాలు.

కడప నుంచి రాయచోటి పోయే దోవలో గువ్వలచెరువు ఘాటు ఉంది కదా, అక్కడ దిగుడు మొదలు కాకముందే గేరు తగ్గించాల. ఆ లోడుతో ఆ దిగుడు ఎక్కాల్సి వస్తే ఏ గేరు పడుతుందో, దిగేటప్పుడూ అదే. మధ్యలో క్లచ్ తొక్కినామా, ఇంజిను పట్టు వదిలేస్తుంది, బండి వేగం అందుకుంటుంది, మళ్లీ గేరు పడదు. ఇక డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలే మహానుభావులు ఉన్నారు. మిగిలేది గ్లాసెడు కూడా కాదు.

వేగం రెట్టింపయితే బ్రేకు పడినాక ఆగడానికి పట్టే దూరం రెట్టింపు కాదు, సుమారు నాలుగింతలు. ట్రాలీ ఊగుతోందని అనిపిస్తే బ్రేకు మీద నిలబడొద్దు. యాక్సిలరేటర్ వదిలి, స్టీరింగు తిన్నగా పట్టుకుంటే తనంతట తానే సర్దుకుంటుంది. గట్టిగా బ్రేకు కొడితే ఇంజిను ఆగుతుంది గానీ ట్రాలీ ఆగదు. అది వెనకనుంచి తోసి ఇంజినును అడ్డం తిప్పేస్తుంది. మలుపులో అయితే మరీ.

ఇంకోటి, కుర్రోళ్లు బాగా మర్చిపోయేది. సేద్యంలో మలుపు తిప్పడానికి రెండు బ్రేకు పెడల్స్ విడగొడతారు. రోడ్డెక్కేముందు వాటి లాకు కలపాల. కలపకుండా ఒక్కటే తొక్కితే బండి ఆ పక్కకు లాగేస్తుంది. పాటల బాక్సులకు వేలు పోస్తారు, ఈ లాకు మాత్రం వంగి చూడరు.

గువ్వలచెరువులో పాలకోవా కోసం ఎట్లాగూ ఆపుతాం. తినేలోపు కొక్కెం పిన్ను, దానికి అడ్డం వేసే క్లిప్పు, టైర్లు ఒకసారి చూసుకుంటే పోలా? క్లిప్పు స్థానంలో తీగ చుట్టిన బండ్లు నేను చూస్తూనే ఉన్నాను. ఇంకా కొందరు ట్రాలీని కిందుండే హుక్కుకు కాకుండా పైన సేద్యం పనిముట్లు తగిలించే టాప్ లింకుకు కట్టి లాగుతారు. అట్లా లాగితే ఇంజిను ముందు చక్రాలు లేచి, డ్రైవరు మీదికే తిరగబడుతుంది. నేనైతే అట్లాంటి బండి పక్కన కూడా నిలబడను.

గడ్డి లోడు బరువు తక్కువే అయినా ఎత్తు ఎక్కువ, మలుపులో వాలిపోతుంది. పైగా పక్కలకు వేలాడి వెనకుండే రేడియం స్టిక్కర్లను కప్పేస్తుంది. చీకటి పడేలోపు ఇల్లు చేరలేమనుకుంటే, తాడు బిగించేటప్పుడే ఆ గడ్డి కోసి పారేయండి.