పడవ వంటగదిలో ఏది కారినా కిందికే

మావయ్య విశాఖలో ఒక పాత మోటారు యాట్ కొన్నారు. ఫైబర్ ఒళ్లు, లోపలంతా ప్లైవుడ్, పొడవు 30 అడుగులు. లారీ మీద రంభ దాకా తెచ్చి, చిలికా ఒడ్డున దుంగల మీద నిలబెట్టాం. ఇంజిన్ సంగతి మావయ్య చూసుకుంటున్నారు, వంటగది నాకు అప్పజెప్పారు. నాలుగు నెలలుగా ప్రతి శని, ఆదివారాలు బరంపురం నుంచి పొద్దున్నే బయల్దేరి వెళ్తున్నాను. చలికాలంలో పక్షులు దిగే వేళకి అత్తయ్య ఆ పడవలోని వంటగట్టు మీద రొయ్యల ఇగురు వండాలి, మా ఆశ అదే.

మొదటి రోజు ఏదీ విప్పలేదు. వడ్రంగి మేస్త్రీ ఇచ్ఛాపురం మనిషి, తెలుగూ ఒడియా కలిపి మాట్లాడతాడు. సుత్తి పిడితో గట్టు కింద చెక్కలన్నీ వరసగా తట్టుకుంటూ పోయాడు. గట్టిగా ఉన్న చోట ‘టక్’ అంటోంది. సింక్ వెనక మూలకి వచ్చేసరికి తడి గోనెసంచి మీద కొట్టినట్టు ‘దబ్’ అంది. స్క్రూడ్రైవర్ నా చేతికిచ్చి “పొడిచి చూడు బాబూ” అన్నాడు. బలం పెట్టకుండానే పిడి దాకా దిగిపోయింది. బయటికి లాగితే ముదురు గోధుమరంగు పొడి, దానితో పాటు పుట్టగొడుగుల వాసన. పైనున్న సన్‌మైకా మాత్రం నిగనిగలాడుతూనే ఉంది, అందుకే ఇన్నేళ్లూ ఎవరికీ అనుమానం రాలేదు.

ఉప్పునీటి వల్లే కుళ్లిందనుకున్నాను. మేస్త్రీ తల అడ్డంగా ఊపి, ఉప్పునీళ్లకి కర్ర అంత తొందరగా కుళ్లదు, మంచినీళ్లకే కుళ్లుతుంది అన్నాడు. తర్వాత చదివితే అదే నిజం. కర్రని తినే బూజు ఉప్పులో సరిగ్గా పెరగదు, వాననీరు దానికి పండగ. మా పడవలో కిటికీ చుట్టూ రబ్బరు ఎండి పగిలింది, ప్రతి వానకీ నాలుగు చుక్కలు గోడ పలక వెనక్కి దిగి, అక్కణ్ణించి గట్టు కింద అరల్లోకి, అరల అడుగున ఎప్పుడూ తలుపులు మూసి ఉండే చీకట్లోకి చేరాయి. గాలి తగలదు, ఎండ తగలదు. ఇంకేం కావాలి బూజుకి? అందుకే కొత్త గట్టు గురించి ఆలోచించే ముందు రెండు వారాంతాలు కిటికీ మీదే పెట్టాం. ఫ్రేము మొత్తం విప్పి, పాత సీలెంట్ గీకేసి, కొత్తది పట్టించి, బకెట్లతో నీళ్లు కొట్టి చూసి, లోపల పొడిగుడ్డ తడవలేదని తేలాకే ముందుకు కదిలాం.

ఉప్పు మాత్రం లోహాన్ని వదల్లేదు. పాత బందులకి వేసిన ఇత్తడి స్క్రూలు తిప్పగానే తలలు ఊడొచ్చాయి. విరిగిన చోట చూస్తే పసుపు రంగు లేదు, రాగిలాగా గులాబీ రంగు. ఇత్తడిలోని జింకు ఉప్పుకి కరిగిపోయి రాగి ఒక్కటే గుల్లగా మిగిలిందన్నమాట, వేళ్లతో నలిపితే పొడైపోతోంది. ఈసారి బందులు, స్క్రూలు, సింక్ అన్నీ 316 రకం స్టీలు. మన ఇళ్లలో వాడే 304లో లేని మాలిబ్డినం ఇందులో 2 నుంచి 3 శాతం ఉంటుంది, ఉప్పు గాలికి తట్టుకునేది దాని వల్లే. ధర ఎక్కువే, కానీ రెండేళ్లకోసారి ఇదే పని మళ్లీ చేసే ఓపిక మా ఎవరికీ లేదు.

ప్లైవుడ్ దగ్గర నాకు దెబ్బ తగిలింది. పడవలకి వాడే ప్లైవుడ్‌కి మన దేశంలో ఐఎస్ 710 ప్రమాణం ఉంది, అందులో ముక్కని 72 గంటలు మరిగే నీళ్లలో ఉంచినా పొరలు విడిపోకూడదు. షీటు మీద 710 ముద్ర ఉందని ఒక షాపులో నాలుగు షీట్లు తెచ్చాను. ఎందుకో మనసొప్పక, అరచేతి పాటి ముక్క కోసి అత్తయ్య వాళ్ల పెరట్లో కట్టెల పొయ్యి మీద పాత గిన్నెలో మరిగించాను. మూడు గంటలు తిరక్కుండానే అంచు దగ్గర పొరలు ఉల్లిపాయలాగా విచ్చుకున్నాయి. అత్తయ్య గరిటెతో పైకి తీసి చూసి “ఇది అట్టపెట్టెరా నాన్నా, తిరిగిచ్చెయ్” అన్నారు. ఇచ్చేశాను, చాలా గొడవ పడాల్సి వచ్చింది. వేరే షాపు నుంచి తెచ్చిన ముక్క పొద్దుణ్ణించి సాయంత్రం దాకా మరిగినా చెక్కు చెదరలేదు. మీరెవరైనా పడవకి కాదు, మామూలు బాత్రూం తలుపుకి కొంటున్నా సరే, ముద్ర చూసి ఊరుకోకండి, ఒక ముక్క మరిగించండి.

కుళ్లినంత మేరా కోసి, దాని చుట్టూ ఇంకో అరడుగు మంచి చెక్క కూడా తీసేశాం, ఎందుకంటే బూజు కంటికి కనిపించే చోట ఆగదు. కొత్త ముక్కల అంచులకి మూడు పూతలు ఎపాక్సీ. ప్లైవుడ్ నీళ్లు తాగేది అంచుల్లోంచే. అరల తలుపులకి నిలువు చీలికలు పెట్టించాను, అడుగు చెక్కని గోడకి ఆనించకుండా అంగుళం సందు వదిలాం. ఆ సందు చూసి మావయ్య బొద్దింకలొస్తాయన్నారు. రానీండి, తుడుచుకోవచ్చు. కుళ్లుని తుడవలేం.

గట్టుకి గ్రానైట్ వేద్దామన్నదీ మావయ్యే. లెక్క వేసి చూపించాను. 6 అడుగుల పొడవు, 20 అంగుళాల వెడల్పు, 18 మిల్లీమీటర్ల మందం రాయంటే 45 కిలోల దాకా వస్తుంది, అంతా పడవకి ఒకే పక్కన, అదీ నడుమెత్తున. చివరికి ప్లైవుడ్ మీద స్టీలు రేకు వేశాం, చుట్టూ అంగుళంన్నర ఎత్తున టేకు పట్టీ కట్టాం. పక్కనుంచి ఇంకో పడవ పోతే లేచే అలకి గిన్నె జారినా ఆ పట్టీ దగ్గర ఆగుతుంది.

ఫ్రిజ్ గురించి ఒక్క మాట. 12 వోల్టుల ఫ్రిజ్ పాతదే, పనికిరాదని పక్కన పడేశారు. తీగ చూస్తే ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్లది, బ్యాటరీ నుంచి 6 మీటర్ల దూరం. 5 ఆంపియర్లకి రానూపోనూ ఆ తీగలోనే ముప్పావు వోల్టు దాకా పోతుంది, బ్యాటరీ కాస్త దిగితే కంప్రెసర్ మొరాయించక ఏం చేస్తుంది? 6 చదరపు మిల్లీమీటర్ల తీగ, తగరం పూసినది, లాగాక ఆ పాత ఫ్రిజ్జే రాత్రంతా నడిచింది.

ఇక గ్యాస్. నాకు నిద్ర పట్టనివ్వని విషయం ఇదొక్కటే. వెనకటివాళ్లు సిలిండర్‌ని గట్టు కింద అరలోనే పెట్టి, రబ్బరు పైపు ఇంజిన్ గది గోడ పక్కగా తీశారు. వంటగ్యాస్ గాలి కంటే బరువు. ఇంట్లో లీకైతే గుమ్మం కిందనుంచైనా కొంత బయటికి పోతుంది, పడవకి అడుగున గుమ్మం ఉండదు కదా, బిల్జ్‌లో, అంటే పడవ అట్టడుగు గుంటలో, చేరి నీళ్లలాగే అక్కడే నిలబడుతుంది. బిల్జ్ పంపు స్విచ్చో, ఇంజిన్ స్టార్టరో ఒక్క నిప్పురవ్వ విసిరితే చాలు. కరెంటు స్టవ్ పెడదామంటే 1800 వాట్లకి 12 వోల్టుల మీద 150 ఆంపియర్లు, మా బ్యాటరీల వల్ల కాదు. పైగా అత్తయ్యకి వంకాయ కాల్చడానికి మంట కావాలి.

అందుకని సిలిండర్‌ని గదిలోంచి బయటికి, డెక్ మీదికి తెచ్చాం. 5 కిలోల చిన్నది. దానికో ఫైబర్ పెట్టె, మూత పైకి తెరుచుకుంటుంది, లోపలికి ఎక్కడా సందు లేదు, అడుగున ఒక రంధ్రం, దాన్నుంచి పైపు తిన్నగా పడవ పక్కనుంచి బయటికి, నీటిమట్టానికి పైన. మంట ఆరితే తనే గ్యాస్ ఆపేసే స్టవ్, బిల్జ్‌లో గ్యాస్ అలారం. ప్రతి అతుక్కీ సబ్బు నురగ పట్టించి చూశాను, బుడగ రాలేదు.

మొన్న ఆదివారం సిలిండర్ ఇంకా పెట్టకముందు ఆ పెట్టెలో చెంబుడు నీళ్లు పోశాం. మేస్త్రీ లోపల బిల్జ్ దగ్గర టార్చి పట్టుకుని కూర్చున్నాడు, మావయ్య పెట్టె మూత పట్టుకున్నారు, నేను కింద ఇసకలో నిలబడి పైపు వంకే చూస్తున్నాను. కాసేపు ఏమీ లేదు. తర్వాత సన్నటి ధార, నా కాళ్ల దగ్గర ఇసకలో పడింది. “లోపల చుక్క లేదు బాబూ” అని మేస్త్రీ కేకేశాడు. మావయ్య ఇంకో చెంబు నింపారు.