మా గోడ మీది వరద గీతలు, సారు చొక్కా మీది మరక

మొన్న మధ్యాహ్నం జరిగింది. ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది.

2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర గోదారి వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు మా లంకలో ఇల్లు నడుం లోతు మునిగింది. నీరు తీశాక గోడ మీద ఒండ్రు గీతలు మిగిలాయి, నీళ్లు ఆగిన చోటల్లా ఒకటి. అమ్మ సున్నం వేయిద్దామంటే నేనే పడనివ్వలేదు. ఆ గోడని ఒంటిమీద వేసుకుంటే ఎలా ఉంటుందా అని అప్పటినుంచీ నాకు ఒకటే యావ.

గుడ్డ తేలిగ్గానే దొరికింది. బండార్లంకలో తెలిసిన నేత బాబాయి ఐదు మీటర్ల నూలు తాను ఇచ్చాడు. కొబ్బరి డొక్కలు మా పెరట్లోవే. వాటిని ఉడికించిన నీళ్లలో ముంచితే గోదారికి ఎర్రనీరు వచ్చినప్పటి రంగొచ్చింది. తర్వాత కరక్కాయ నీళ్లలో నానబెట్టి ఆరేశాను. తుప్పుమేకులు, బెల్లం, నీళ్లు కుండలో ఊరబెడితే కసిం వస్తుంది, కలంకారీవాళ్లు నలుపుకి వాడేది. గుడ్డని దండెం మీంచి వేలాడదీసి అంచు మాత్రం అందులో తగిలేలా పెట్టాను. కసిం పైకి పాకి, ఆగి, ఆరిన చోట నల్లటి గీత. కాస్త ఎత్తితే ఇంకో గీత. ఏడు గీతలు తీశాను. అంత బాగా మళ్లీ నాకే రావు. అంచుకి నురగలాగా అమ్మ అల్లిన లేసు. అమ్మ పుట్టిల్లు నరసాపురం వైపు, చేతిలో కొక్కెం లేకపోతే తోచదు.

ఇక చేతిపనుల ఎగ్జిబిషన్‌కి ఎంపిక. అక్కడే నా పరువు పోయింది.

ఫారంలో 'ఏ రకం' అని ఒక గడి. చేనేత టేబుల్ దగ్గర "చీర కాదు, చున్నీ కాదు, లేసుంది కదా, అటెళ్లండి" అన్నారు. లేసు టేబుల్ ఆవిడ అంచుని రెండువేళ్లతో ఎత్తి, "నాలుగు వేళ్ల లేసుకి నా దగ్గరికి పంపారా?" అంది. డొక్కల రంగు అన్నానని పీచు వస్తువుల దగ్గరికి తోలారు. అక్కడాయన గుడ్డంతా తిరగేసి "పీచేదమ్మా?" అన్నాడు. రెండు గంటలు ఇదే తిరుగుడు.

చివరికి పెద్ద సారు. "ఇది ఎవరు వేసుకుంటారమ్మా? వేసుకుని చూపించు" అన్నారు. వేసుకున్నాను. మే నెల, ఫ్యాను ఆయన వైపే తిరిగి ఉంది. ఐదు నిమిషాలకి మెడంతా చెమట. "ఏం గుడ్డ ఇది?" అంటూ సారు నా భుజం దగ్గర కొస పట్టుకుని నలిపి చూశారు, అదే చేత్తో చొక్కా సర్దుకున్నారు. తెల్ల చొక్కా! పొట్ట మీద నాలుగు నల్లటి వేళ్లు. అటెండరు నా మెడ చూసి "అమ్మాయి గారికీ అంటిందండి" అని అరిచాడు. "వరద వరద అన్నావు, మా మీదకే వదిలావే" అన్నారు సారు. హాలంతా నవ్వింది. లేసు ఆవిడ లేచి నిలబడి మరీ నవ్వింది.

తప్పు నాదే, ఒప్పుకుంటాను. కసిం వేసిన గుడ్డని పారేనీళ్లలో ఉతకాలి, అంటుకోని ఇనుము కొట్టుకుపోవాలి. ఈ నెల మా కాలవలు కట్టేశారు. రెండు బకెట్లతో అయిందనిపించాను. మీరెవరైనా చేస్తే తడిపిన తెల్ల గుడ్డతో రుద్ది చూడండి, మరక పడితే గడప దాటకండి. కసిం చిక్కగా పెట్టకండి, ఇనుము ఎక్కువైతే నూలు కొన్నేళ్లకే చివికిపోతుంది. ఫారంలో అట్టడుగున 'ఇతరములు' అని చిన్న గడి ఉంటుంది, ముందే అది నింపండి. నాకు ఆ గడి చూపించింది నవ్విన ఆ అటెండరే. సార్లెవరికీ నోరు రాలేదు.

తీసుకున్నారు, ఆయ్. 'ముట్టుకోరాదు' అని బోర్డు పెట్టి గోడకి వేలాడదీస్తారట, ఒంటిమీద వేయడానికి వీల్లేదట. వారంలో ఇచ్చేయాలి, ఈలోగా కాలవ వదలరు. పక్కింటివాళ్ల బోరు ఉప్పన కాదు. రేపు తెల్లవారుజామున రెండు గంటలు మోటారు వేస్తామన్నారు.