విజయనగరంలో ఫిడేలు

విశాఖ నుంచి విజయనగరం రైల్లో ఓ గంట దారి. కోట, గంటస్తంభం, మూడులాంతర్లు ఇదివరకే చూసినవి కాబట్టి స్టేషన్ బయట మిత్రుణ్ణి కలుసుకుని, ఆటో ఎక్కి నేరుగా మహారాజా సంగీత కళాశాలకే వెళ్ళాం.

1919లో విజయరామ గజపతిరాజు పెట్టించిన కళాశాల ఇది. మొదటి ప్రిన్సిపాల్ హరికథలు చెప్పే ఆదిభట్ల నారాయణదాసు. ద్వారం వెంకటస్వామినాయుడు చదువుకుందామని వస్తే, ఆయన ఫిడేలు వాయించింది విని ఏకంగా అధ్యాపకుడిగానే వేసుకున్నారు. 1936లో ప్రిన్సిపాల్ కూడా అయ్యారాయన. పి. సుశీల చదువుకున్నదీ ఇక్కడే.

మేం వెళ్ళేసరికి ఫిడేలు క్లాసు నడుస్తోంది. పన్నెండేళ్ళ పాప బాసింపట్టు వేసుకుని, ఫిడేలు తలను కుడికాలి మడమకు ఆనించి సరళీ స్వరాలు వాయిస్తోంది. ధైవతం, అంటే 'ద' స్వరం, దగ్గరికొచ్చేసరికి కమాను కీచుమంటోంది. టీచరుగారు తలెత్తకుండానే "మళ్ళీ" అంటున్నారు. పాపకు విసుగు రాలేదు, వింటున్న నాకే వచ్చింది.

అక్కడ నిలబడితే నాకు గుర్తొచ్చింది మాత్రం ద్వారంవారి కచేరీ కాదు, చాసో కథ 'వాయులీనం'. వాయులీనమంటే ఫిడేలే. చాగంటి సోమయాజులు ఈ ఊళ్ళోనే బతికి, ఈ ఊరి మనుషుల్నే కథల్లోకి తెచ్చాడు. ఆ కథలో ఇల్లాలికి ఫిడేలు వచ్చు. సంసారంలో పడ్డాక అది మూలపడుతుంది. ఆమెకు జబ్బు చేస్తే చేతిలో డబ్బులేని భర్త దాన్ని అమ్మేస్తాడు. మనిషి దక్కుతుంది. మిగిలిన డబ్బుతో ఆమెకో చీర కొంటాడు.

ఈ కళాశాల గొప్పలు చెప్పేవాళ్ళు ఆ కథ కూడా చెప్పాలని నాకనిపిస్తుంది. ఇక్కడ చదివే రోజుల్లో ఘంటసాల జోలె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి మాధుకరం తెచ్చుకున్నారు. అంత పాట నేర్పిన ఊళ్ళోనూ పూట గడవడం వేరే సంగతే. చాసో పట్టుకున్నది దాన్నే.

బయటికొచ్చి టీ తాగుతూ ఆ మాటే అంటే, మా మిత్రుడు ఒప్పుకోలేదు. "ఫిడేలు అమ్మకపోతే మనిషి దక్కేదేటి? మొగుడు చేసిన తప్పేటి?" అన్నాడు. అమ్మినందుకు నేనూ తప్పు పట్టను. నాకు మింగుడుపడనిది ఆ చీర. "పాపం, ప్రేమతోనే కొన్నాడు కదరా" అన్నాడు వాడు. అవును, ప్రేమతోనే కొన్నాడు. చాసో అతన్ని దుర్మార్గుడిగా రాసుంటే ఇద్దరం హాయిగా తిట్టుకుని రైలెక్కేవాళ్ళం.