అక్కడైతే ఫొటో తీస్తావు

"కింద పడెయ్" అన్నాను. చుట్టుపక్కల వాళ్ళు తిరిగి చూసేంత గట్టిగా అన్నాను.

హైదరాబాదులో ఖాజాగూడ గుట్ట మీద ఉన్నాం. డిసెంబరు ఆదివారం, పొద్దున ఆరున్నర దాటింది. మా 12 ఏళ్ళ అమ్మాయి చేతుల్లో నలిగిన నీళ్ళ సీసా ఒకటి, రెండు చిప్స్ కవర్లు, మట్టి కొట్టుకుపోయిన బీరు సీసా. బండల సందులో చెయ్యిపెట్టి తీసింది. మా వెనకాల ఎక్కుతున్న ఇద్దరు కుర్రాళ్ళు ఆగి చూస్తున్నారు. గుడికి వెళ్తున్న ఒకావిడ "ఎందుకమ్మా, పాప చేతులు ఖరాబవుతయ్" అంది. ఎవరు తాగి పడేశారో, ఎవరి ఎంగిలో, పిల్లకి ఏ జబ్బు అంటుకుంటుందో అన్న భయం నాకు ఉంది, కాదనను. కానీ భయం కన్నా ముందొచ్చింది సిగ్గు.

అమ్మాయి పడెయ్యలేదు. నా మొహంలోకి చూసి, "అక్కడైతే ఫొటో తీస్తావు" అంది. మామూలుగా నాతో వాదన మొదలైతే ఇంగ్లీషులోకి వెళ్ళిపోతుంది. ఆ మాట మాత్రం తెలుగులోనే అంది.

నిజమే, తీస్తాను. ఆకుపచ్చ హెల్మెట్ పెట్టుకుని, మోకాళ్ళ దాకా బురదతో, తన ఎత్తులో సగానికి పైగా ఉన్న పనిముట్టు పట్టుకుని నవ్వుతున్న మా అమ్మాయి ఫొటోలు నా ఫోన్లో ఎన్నో ఉన్నాయి. అమెరికాలో మేముండే వైపు, సియాటిల్ దగ్గరున్న ఇస్సక్వా పక్కన టైగర్ మౌంటెన్ మీద కాలిదారులు బాగుచేసే రోజుల్లో తీసినవి. ఆ పని చేయించే వాషింగ్టన్ ట్రెయిల్స్ అసోసియేషన్ 1966 నుంచీ ఉంది. పని మొదలెట్టే ముందు మూడు మాటలు చెప్తారు: ముందు జాగ్రత్త, తర్వాత సరదా, ఆ తర్వాతే పని. ఆ ఫొటోలన్నీ మా కుటుంబం గ్రూపులో పెట్టి, "మట్టిలో చెయ్యి పెట్టడానికి సిగ్గుపడని పిల్ల" అని గొప్పగా రాసుకున్నది నేనే. అదే పిల్ల నేను పుట్టిన ఊళ్ళో అదే పని చేస్తే తట్టుకోలేకపోయాను.

ఈ కొండల మీద ఇష్టం దానికి నేను నేర్పింది కాదు. ఏడేళ్ళప్పుడు ఇస్సక్వా ఆల్ప్స్ ట్రెయిల్స్ క్లబ్ వాళ్ళ నడకకి మొదటిసారి వెళ్ళాం. 1979లో మొదలైన క్లబ్ అది. వచ్చినవాళ్ళని వెంటబెట్టుకుని అడవి చూపిస్తారు, డబ్బు తీసుకోరు. ఆ రోజు మమ్మల్ని నడిపించినావిడకి డెబ్బై దాటి ఉంటాయి. పూ పూ పాయింట్ అనే చోటికి ఎక్కించింది. పూర్వం చెట్లు కొట్టే కూలీలు ఆవిరి కూతలతో ఒకరికొకరు సైగ చేసుకునేవాళ్ళట, ఆ చప్పుడే ఆ చోటికి పేరయింది. పైన కూర్చుని పులిహోర తిన్నాక మావారు కమలాపండు ఒలిచి తొక్కలు పొదల్లోకి విసిరారు. మట్టిలో కలిసిపోయేదే కదా, మన ఊళ్ళో ఎవరైనా అంతే చేస్తారు. ఆవిడ ఏమీ అనలేదు. లేచి వెళ్ళి, పొదల్లోకి వంగి, ఒక్కో తొక్కా ఏరి తన సంచిలో వేసుకుంది. వచ్చి కూర్చుని, ఆపిన చోటి నుంచి మళ్ళీ కబుర్లు చెప్పింది. మావారు తలెత్తలేకపోయారు. మా అమ్మాయి మాత్రం ఆవిడ చేతుల వంకే చూస్తూ కూర్చుంది. అప్పట్నుంచి కొండకి వెళ్ళే సంచిలో ఖాళీ జిప్ కవరు ఒకటి తప్పకుండా ఉంటుంది. అది మర్చిపోకుండా పెట్టేది అమ్మాయే.

దారి పనికి పంపడం వెనక కూడా నా మనసు అంత శుభ్రమైనది కాదు. ఒక పుట్టినరోజు విందులో ఎవరో, "ఇలాంటి వాలంటీర్ గంటలు రేపు కాలేజీ అడ్మిషన్లకి పనికొస్తాయి" అన్నారు. మర్నాడే పేరిచ్చేశాను. గంటలు రాసుకోవడానికి ఒక నోటుపుస్తకం కూడా పెట్టాను. నాలుగైదు సార్లు వెళ్ళొచ్చాక అది ఆ పుస్తకం సంగతే మర్చిపోయింది. వాన పడుతున్నా వెళ్తానంటుంది. వాన నీళ్ళు దారిని కోసెయ్యకుండా పక్కకి మళ్ళించాలంటే కాలవ ఎక్కడ తియ్యాలో నేల వాలు చూసి చెప్తుంది. నేను గంటలు లెక్కపెడుతుంటే, దానికి ఆ కొండ తన సొంతదైపోయింది.

అసలు చిక్కు శనివారంతో వచ్చింది. దారి పని శనివారమే, తెలుగు బడి కూడా శనివారమే. ఒక చలికాలమంతా కొండ మాన్పించి తెలుగు బడికి పంపాను. గుణింతాలు వచ్చాయి గానీ నాతో మాట్లాడడం తగ్గించేసింది. ఆ ఎండాకాలం తెలుగు ఆపి కొండకి పంపాను, ఇంట్లో ఇంగ్లీషు పెరిగిపోయింది. ఇప్పుడు ఒక వారం అది, ఒక వారం ఇది. రెంటికీ కాకుండా చేస్తున్నానేమో అని ప్రతి శుక్రవారం రాత్రీ మనసు పీకుతుంది.

ఈసారి హైదరాబాదు వచ్చిన మూడో రోజునే నల్లకుంటలో మా అమ్మవాళ్ళింట్లో కూర్చుని, "బంజారా హిల్స్ అంటారు, జూబ్లీ హిల్స్ అంటారు, కొండ ఏది?" అని అడిగింది. మా తమ్ముడికి రోషం వచ్చింది. వాడు ఇక్కడ ఒక ట్రెక్కింగ్ గుంపుతో భువనగిరి, అనంతగిరి అన్నీ తిరుగుతుంటాడు. అనంతగిరి కొండల్లోనే మూసీ పుడుతుందని వాడు చెప్తే, "బ్రిడ్జి కింద వాసనొస్తుందే, ఆ నదేనా?" అంది. వాడు కాసేపు మాట్లాడలేదు. ఆదివారం ఖాజాగూడకి బయల్దేరదీశాడు.

గుట్ట మీద అమ్మాయి ఆ ఫొటో మాట అన్నాక పైదాకా ఎవరం నోరు విప్పలేదు. పైన నిలబడితే నాలుగు వైపులా అద్దాల మేడలు, మధ్యలో ఈ బండలు. నేను డిగ్రీ చదివే రోజుల్లో ఇటువైపు బస్సులో వస్తే కిటికీలోంచి కనపడేవన్నీ బండలే. ఉత్త బండలు అనుకునేదాన్ని. ఒకదాని మీద ఒకటి ఇలా ఎవరు పేర్చారని అమ్మాయి అడిగితే మా తమ్ముడు కూర్చుని చెప్పాడు. ఎవరూ పేర్చలేదట. భూమి లోపల ఉన్నప్పుడే గ్రానైటు నిలువునా అడ్డంగా పగుళ్ళిచ్చింది. పగుళ్ళలోకి నీళ్ళు దిగి రాతి మూలలు అరిగి, గుండ్రటి నడిమి రాయి మిగిలింది. పైనున్న మట్టి కొట్టుకుపోయాక, ఎక్కడున్నవి అక్కడే బయటపడ్డాయి. ఈ రాతి వయసు దాదాపు 250 కోట్ల ఏళ్ళు. మా అమ్మాయి వెంటనే రెయినియర్‌తో పోల్చింది. మా వంటింటి కిటికీలోంచి కనపడే 14,410 అడుగుల మంచుకొండ అది. ఇప్పుడు మనం చూస్తున్న రెయినియర్ పుట్టి 5 లక్షల ఏళ్ళే అయిందని బళ్ళో చదివింది. వేళ్ళ మీద లెక్కేసి, "దానికన్నా ఇది 5,000 రెట్లు పెద్దది" అని బండ మీద అరచెయ్యి ఆనించి అలాగే ఉంచింది. ఈ ఊరు వచ్చినప్పటి నుంచీ దాని మొహంలో నేను వెతుక్కుంటున్న వెలుగు అప్పుడు చూశాను. అది నా వల్ల వచ్చింది కాదు, రాయి వల్ల వచ్చింది.

నేను ఇంటర్ చదివే రోజుల్లో, 1996లో, ఈ బండల్ని కాపాడాలని సొసైటీ టు సేవ్ రాక్స్ అని ఒక సంఘం ఈ ఊళ్ళోనే పెట్టారు. బండల మధ్య నడకలు పెట్టి జనాన్ని తీసుకెళ్ళారు. సెంట్రల్ యూనివర్సిటీలోని మష్రూమ్ రాక్‌తో కలిపి తొమ్మిది చోట్ల బండల్ని వారసత్వ సంపదగా గుర్తించారప్పట్లో. ఇరవై ఏళ్ళు ఈ ఊళ్ళో పెరిగి నేను ఒక్క నడకకీ వెళ్ళలేదు. పరాయి దేశంలో డెబ్బై ఏళ్ళావిడ వెంట కొండెక్కాక గానీ కొండకి మనుషులు కావాలన్న సంగతి తెలియలేదు.

ఆ సాయంత్రం అమ్మాయి తాత పక్కన చేరి తన ఫొటోలు చూపించింది. మా నాన్నది నల్గొండ వైపు పల్లె, చిన్నప్పుడు చేలో పని చేసిన మనిషి. హెల్మెట్ చూశాడు, బురద చూశాడు, ఏమీ అనలేదు. పనిముట్టు దగ్గర ఆగిపోయాడు. ఫోను కళ్ళ దగ్గరికి లాక్కుని, "గిది గొడ్డలా, గుద్దలా బిడ్డా?" అన్నాడు.

అమ్మాయికి అర్థం కాలేదు. నాన్న లేచి నిలబడి చూపించాడు. నరికేది గొడ్డలి, తవ్వేది గుద్దలి. అమ్మాయి ఎగిరి గంతేసింది, ఎందుకంటే ఆ పనిముట్టు అచ్చంగా ఆ రెండూనూ. ఒక పక్క గొడ్డలి, ఇంకో పక్క గుద్దలి. దాని పేరు పులాస్కీ. 1910లో పెద్ద మంటలొస్తే తన మనుషుల్ని గని సొరంగంలోకి తోలి చాలామందిని బతికించిన అడవి రేంజర్ పేరది. ఆ కథంతా వచ్చీరాని తెలుగులో తాతకి చెప్పింది. "అడవిలో నిప్పు" అంటే నాన్న "కార్చిచ్చు" అని అందించాడు. రాత్రి పళ్ళు తోముకుంటూ "గొడ్డలి, గుద్దలి, కార్చిచ్చు" అని దానిలో అది అనుకోవడం నాకు వినిపించింది. ఒక చలికాలం నేను పోట్లాడి పంపిన బడి నుంచి అది ఇలా మాటలు మూటగట్టుకుని రావడం నేనెప్పుడూ చూడలేదు. బడిది తప్పని అనడం లేదు. నేనే బడినీ కొండనీ ఎదురెదురుగా నిలబెట్టి పిల్లని మధ్యలో ఉంచాను.

మన నేల మీద గర్వం కలగాలని మర్నాడు పూర్ణ సంగతి చెప్పాను. నిజామాబాదు జిల్లా పాకాల పిల్ల, కూలి పని చేసుకునే తల్లిదండ్రులు, గురుకులంలో చదువు. భువనగిరి బండ మీద ఎక్కడం నేర్చుకుని, 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి 13 ఏళ్ళ 11 నెలలు. అంతా విని మా అమ్మాయి, "వాళ్ళమ్మ పంపిందా?" అంది. పంపింది అన్నాను. "నువ్వు పంపుతావా?" అంది. పంపను. ఆ మాట దాంతో అనలేక, అన్నం చల్లారిపోతోంది రమ్మన్నాను.

కొత్తగా వచ్చిన తెలుగువాళ్ళు పిల్లల గురించి అడిగితే ఇన్నాళ్ళూ నేనొక సలహా ఇచ్చేదాన్ని. మీ ఊళ్ళో హైకింగ్ క్లబ్బేదో చూసి చేరండి, పిల్లలు ఫోన్లు పక్కన పెడతారు, అమ్మా నాన్నా టీచరూ కాని పెద్దవాళ్ళతో మాట్లాడడం నేర్చుకుంటారు అని. సియాటిల్లో 1906 నుంచీ ఉన్న మౌంటెనీర్స్ క్లబ్ వాళ్ళు రాసిన పది వస్తువుల జాబితా కూడా పంపేదాన్ని: దిక్కు చూపేది, తల మీది లైటు, నిప్పు, కత్తి, మందులు, ఎండకి కట్టుకునేవి, తలదాచుకునేది, ఇంకో పూట తిండి, ఇంకో సీసా నీళ్ళు, ఇంకో జత బట్టలు. ఇప్పుడూ పంపుతాను, అవి లేకుండా వెళ్ళొద్దు. కానీ మునుపంత ధీమాగా చెప్పలేను. ఆ కొండ మీద మాటలన్నీ ఇంగ్లీషువే. అక్కడి ఫెర్న్ పేర్లు, బెర్రీల పేర్లు మా అమ్మాయికి నిద్రలో లేపి అడిగినా వస్తాయి. ఖాజాగూడలో ఒక మొక్క చూపించి దీని పేరేంటని అడిగితే నేను తెల్లమొహం వేశాను. తంగేడు, జిల్లేడు, సీతాఫలం దాటితే నాకు తెలియదు. నా దగ్గర లేనిది దానికి ఎలా ఇస్తాను? నా భాష ఇవ్వాలని పట్టుబట్టాను గానీ నా గుట్ట పేరు కూడా నాకు సరిగ్గా తెలియదు. కింద దర్గాలో ఉన్న బాబా ఫక్రుద్దీన్ పేరు మీద దాన్ని ఫక్రుద్దీన్ గుట్ట అంటారని మా తమ్ముడు చెప్తేనే తెలిసింది.

తర్వాతి ఆదివారం నేను లేచేసరికి నాన్న గేటు దగ్గర ఉన్నాడు. చేతిలో ఖాళీ బియ్యం సంచి, బండి మీద వెళ్ళేటప్పుడు వేసుకునే పాత గ్లవుజులు. మోకాళ్ళ నొప్పితో గుట్ట ఎక్కలేడు, అందుకని కింద గుడి దగ్గరే ఏరదామని మనవరాలితో ముందే అనుకున్నాడట. నాకు చెప్పలేదు. నేనూ కారెక్కాను.

గుడి వెనక బండ కింద కొబ్బరి చిప్పలు, వాడిన బంతిపూల దండలు, కుంకుమ అంటిన విస్తరాకు, అగరొత్తుల పెట్టెలు, పాలిథిన్ కవర్లు కలగలిసి పడి ఉన్నాయి. అమ్మాయి గ్లవుజు తొడుక్కుని వంగింది, ఆగింది. నా వైపు తిరిగి, "అమ్మా, ఇది చెత్తా, దేవుడిదా?" అంది.

నేను నాన్న వంక చూశాను. నాన్న నా వంక చూశాడు.

అది మా ఇద్దరి కోసం ఆగలేదు. పాలిథిన్ కవర్లు, అగరొత్తుల పెట్టెలు ఒక్కొక్కటే ఏరింది. పూలు వదిలేసింది. కొబ్బరి చిప్ప చేతిలోకి తీసుకుని కాసేపు అటూ ఇటూ తిప్పి, మళ్ళీ పూల పక్కనే బోర్లించి పెట్టింది. బీరు సీసా ఒకటి దొరికితే ఎత్తి చూపించి, ఏమంటానో అని నా మొహం చూసింది. నేను వెళ్ళి బియ్యం సంచి నోరు రెండు చేతులతో తెరిచి పట్టుకున్నాను.